పాత ఫైబర్ బోటు ట్రాన్సమ్‌: వేట నిషేధం రోజుల్లో ఏం చూడాలి, ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీ నాన్నగారు 2009లో తీసుకున్న 28 అడుగుల ఫైబర్ బోటు. రేవు లేదు, ఉప్పాడ వైపు ఇసుక ఒడ్డు నుంచే కెరటాలు దాటి వేటకు వెళ్తుంది. ఇప్పుడున్న 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ తీసేసి 15 పెట్టాలని ఆలోచన. ఇంజిన్ తగిలించే వెనక చెక్క, అంటే ట్రాన్సమ్, బయటికి గట్టిగానే కనిపిస్తోంది. కానీ ఇంజిన్‌ని ట్రాన్సమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ కింద సన్నటి వెంట్రుక గీతలు వచ్చాయి, ఒక బోల్టు దగ్గర నుంచి గోధుమ రంగు చార కిందికి దిగింది. నిషేధం రోజుల్లో ఓ కోటు రంగు కొట్టిస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. ఇప్పుడున్న స్థితిలో రంగు కొడితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ చార అంటే లోపలికి వెళ్లిన నీళ్లు తుప్పునీ చెక్క రసాన్నీ కలుపుకుని బయటికి వస్తున్నాయని. రంగుతో ఆ దారి మూసేస్తే కనిపించేది పోతుంది కానీ నీళ్లు లోపలే ఉండిపోతాయి.

ట్రాన్సమ్ అంటే ఫైబర్ దిమ్మ అనుకుంటారు చాలామంది. అది రెండు ఫైబర్ పొరల మధ్య పెట్టిన ప్లైవుడ్. బలమంతా ఆ మూడూ ఒకటిగా అతుక్కుని ఉండటంలోనే ఉంది. మధ్యలో చెక్క మెత్తబడితే మిగిలేది రెండు పలచటి రేకులు. బయటి పొర మాత్రం చివరి రోజు దాకా నున్నగా, తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. అందుకే కంటితో చూసి ట్రాన్సమ్ బాగుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఎక్కువమంది తిరగేసి అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. ఉప్పునీళ్లు చెక్కని పాడుచేస్తాయని భయపడతారు. చెక్కని కుళ్లబెట్టేది ఒక రకం బూజు. దానికి ఉప్పు పడదు, మంచినీళ్లే ఇష్టం. పాతకాలంలో చెక్క ఓడల పక్కటెముకల మధ్య ఉప్పు నింపేవారు, కారణం ఇదే. చెక్కలో తేమ ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం ఆ బూజు పెరగదు. పూర్తిగా నీళ్లలో మునిగి గాలి ఆడకపోయినా పెరగదు. సగం తడి, కాస్త గాలి, మన వెచ్చదనం, ఈ మూడూ కలిస్తే మాత్రం పండగే దానికి. అంటే మీ ట్రాన్సమ్ సంద్రంలో ఉన్నప్పటికంటే ఒడ్డున వానలో నానుతున్నప్పుడే ఎక్కువ పాడవుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాను హెచ్చరికలు వచ్చి బోటు ఒడ్డుకెక్కించి పెట్టిన రోజులు లెక్కేసుకోండి. ఆ రోజుల్లో వెనక భాగంలో చేరిన వాననీళ్లు ఎటు పోతున్నాయో ఎప్పుడైనా చూశారా?

నేను మొదట చూసే చోటు ఎవరూ చూడనిది: నీళ్లు వదిలే కన్నం. ఒడ్డుకి లాగాక లోపలి నీళ్లు పోవడానికి ట్రాన్సమ్ అడుగున బిరడా పెట్టే ఆ చిన్న కన్నం. కట్టేటప్పుడు ప్లైవుడ్‌ని అడ్డంగా తొలిచి, అందులో ఇత్తడి గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో దూర్చి, అంచులు మడిచి వదిలేస్తారు. ప్లైవుడ్ అంచు నీళ్లని స్పాంజిలా పీలుస్తుంది. పైగా ఆ కన్నం ఉండేదే నీళ్లు చేరే అట్టడుగున. గొట్టం చుట్టూ సందు మూయడానికి పూసిన సీలెంట్ నాలుగైదేళ్లలో గట్టిపడి వదిలేస్తుంది. అక్కడి నుంచి రోజూ కొద్దికొద్దిగా లోపలికి.

కొన్నేళ్ల కిందట మోటారు పైకీ కిందికీ ఊగుతోందని ఒక బోటు నా దగ్గరికి తెచ్చారు. బయట కొత్తగా రంగు వేసి ఉంది, ఒక్క గీత లేదు. ఇత్తడి గొట్టం అంచుని స్క్రూడ్రైవర్‌తో లేపి బయటికి లాగాను. ముందు ఒక్క చుక్క పడింది. తర్వాత సన్నటి ధారగా టీ డికాక్షన్ రంగు నీళ్లు కారడం మొదలైంది, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేదాకా ఆగలేదు. పాడుబడిన బావి దగ్గర వచ్చే వాసన. వేలు పెట్టి గీకితే ప్లైవుడ్ నానిన అటుకుల్లా చేతిలోకి వచ్చేసింది. ఆ బోటు మీద నలుగురు మనుషులు తెల్లవారుజామున మూడింటికి సంద్రంలోకి వెళ్తున్నారు. ఆ రంగు వేసినవాళ్లు దాన్ని ఒక్కసారి సుత్తితో తట్టి ఉంటే చాలు, తెలిసిపోయేది. అప్పటి నుంచి నా దగ్గరికి ఏ బోటు వచ్చినా ముందు ఆ గొట్టం తీస్తాను, మిగతాదంతా తర్వాతే.

పరీక్షలు మీరే చేసుకోవచ్చు, ఖర్చు లేదు. ఇంజిన్ దించేసి ట్రాన్సమ్‌ని కడిగి ఆరనివ్వండి. చెక్క సుత్తితోగానీ స్క్రూడ్రైవర్ పిడితోగానీ పైనుంచి కిందికి, రెండంగుళాలకి ఒక దెబ్బ చొప్పున తట్టండి. బాగున్నచోట టక్ టక్ అని కొట్టినట్టు పలుకుతుంది. కుళ్లినచోటా పొర విడిపోయినచోటా థప్ అని మూగగా వస్తుంది. కొబ్బరికాయ ముదిరిందో లేదో తట్టి చూసే చెవి మనకుంది కదా, ఇదీ అంతే. తేడా వచ్చిన చోటల్లా చాక్‌పీసుతో గుండ్రంగా గీయండి. మచ్చలన్నీ కలిపి చూస్తే నీళ్లు ఎక్కడ మొదలై ఎటు పాకాయో మ్యాప్‌లా కనిపిస్తుంది.

తర్వాత ఇంజిన్ మళ్లీ తగిలించి సగం పైకి లేపి, అడుగున ఉన్న రెక్క పట్టుకుని మీ బరువు వేసి కిందికి నొక్కండి, పైకి లేపండి. ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచుకి కళ్లు ఆనించి చూడాలి. ఇంజిన్ దాని కీలు దగ్గర కదలొచ్చు, ట్రాన్సమ్ మాత్రం కదలకూడదు. పక్క గోడలతో కలిసే మూలల్లో పగులు నోరు తెరిచి మూసుకుంటున్నట్టు కనిపిస్తే ఇక ఆ బోటు సంద్రంలోకి వద్దు. మీరు చెప్పిన వెంట్రుక గీతలు కూడా ఇప్పుడే గమనించండి. అడ్డదిడ్డంగా, పైపైన ఉంటే అవి జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పై పూత) వయసు గీతలు, కంగారు అక్కర్లేదు. బ్రాకెట్ అంచు వెంట వరసగా, మూలల నుంచి కిరణాల్లా వస్తుంటే లోపల చెక్క వంగుతోందని లెక్క.

ఆఖరిది డ్రిల్లు పరీక్ష. ఇదంటే అందరికీ టెన్షన్, బోటుకి చేతులారా కన్నం పెట్టడమేంటని. పెట్టాలండి. లోపలి వైపు నుంచి, నీళ్లు వదిలే కన్నానికి జానెడు పక్కన, అడుగుకి దగ్గరగా, 4 మిల్లీమీటర్ల బిట్‌తో. ట్రాన్సమ్ మందం 40 మిల్లీమీటర్లు ఉంటే, బిట్‌కి 30 దగ్గర టేపు చుట్టండి, బయటి పొర దాటకుండా ఉంటుంది. బ్రాకెట్ కింద ఇంకోటి, పై అంచుకి దగ్గర ఇంకోటి. మొదట తెల్లటి ఫైబర్ పొడి వస్తుంది, తర్వాత చెక్క పొట్టు. ఏ కన్నం పొట్టు ఆ కన్నం కింద తెల్ల కాగితం మీద పట్టండి. పసుపు రంగులో పొడిపొడిగా, చుట్టలు తిరిగి వస్తే చెక్క ఆరోగ్యంగా ఉన్నట్టు. ముదురు రంగులో, తడిగా, బిట్‌కి ముద్దలా అంటుకుంటే పాడైనట్టు. మధ్యస్థం కూడా ఉంటుంది: రంగు బాగానే ఉండి చేతికి చల్లగా తగలడం. అంటే తడి చేరింది, కుళ్లు ఇంకా మొదలవలేదు. మీకు ఇలా వస్తే అదృష్టమే, మీ చెక్క ఇంకా చేతిలోనే ఉంది.

ఈ మధ్యస్థం దగ్గరే ముందుజాగ్రత్త అనేదానికి అర్థం ఉంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం. చేపల గుడ్ల కోసం పెట్టిన ఆ సెలవే మీ ట్రాన్సమ్‌కి కూడా సెలవు. ఏడాదిలో అంత ఎండ, అన్ని ఖాళీ రోజులు మళ్లీ దొరకవు. నిషేధం మొదలైన మర్నాడే ఇంజిన్ దించండి. ట్రాన్సమ్‌లో ఉన్న ప్రతి బోల్టూ, ప్రతి స్క్రూ, ఆ నీళ్ల గొట్టం, అన్నీ ఊడదీయండి. తాడు కట్టుకోవడానికి కొట్టిన చిన్న కొక్కెం స్క్రూని కూడా వదలొద్దు. పెద్ద బోల్టులకి ఎవరో ఒకరు సీలెంట్ రాస్తారు, ఈ చిన్న స్క్రూలకి ఎవరూ రాయరు, నీళ్లకి మాత్రం రెండూ ఒకటే. కన్నాలన్నీ తెరిచి, బోటు ముందు భాగం ఎత్తుగా పెట్టి, వెనక ఎండ పడేలా తిప్పండి. వాన సూచన ఉంటే కప్పండి, వెలిశాక తీయండి.

ఆరిందో లేదో తెలియడానికి తేమ మీటరు కొనక్కర్లేదు. ఎండ బాగా ఉన్న ఉదయం పారదర్శకమైన పాలిథిన్ ముక్క కన్నం మీద పరిచి నాలుగు వైపులా టేపు వేయండి. మధ్యాహ్నానికి లోపలి వైపు ఆవిరి బిందువులు పట్టాయంటే ఇంకా తడి ఉంది. వరసగా రెండు మూడు రోజులు పాలిథిన్ పొడిగా ఉన్నాకే తర్వాతి పని. మామూలుగా మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. ఇక్కడ తొందరపడి చేసిన పని మొత్తం వృథా, తడి చెక్కకి ఏ రెజినూ (ద్రవంగా పూస్తే గట్టిపడే జిగురు) పట్టదు.

ఆరాక కన్నాలకి చికిత్స. 12 మిల్లీమీటర్ల బోల్టు వెళ్లే కన్నాన్ని 18 లేదా 20కి పెద్దది చేయండి. చుట్టూ కనిపించే చెక్కకి పలచటి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే రెజిన్) రెండుసార్లు పట్టించి పీల్చుకోనివ్వండి. ఒకవైపు టేపు వేసి, ఫిల్లర్ పొడి కలిపి పేస్టులా చేసిన ఎపాక్సీతో పూర్తిగా నింపండి. గట్టిపడ్డాక దాని నడిమధ్యలో మళ్లీ 12 కన్నం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్క లేదు, ఎపాక్సీ గొట్టం ఉంది. రేపు సీలెంట్ వదిలేసినా నీళ్లు చెక్కని తాకవు. నా మట్టుకు ట్రాన్సమ్ సంరక్షణ మొత్తంలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. నీళ్ల గొట్టం కన్నానికీ, చిన్న స్క్రూలకీ, మీరు వేసిన డ్రిల్లు కన్నాలకీ ఇదే పద్ధతి.

ఈ పని సాయంత్రం నాలుగు దాటాక పెట్టుకోండి. పొద్దున చేస్తే ఎండకి చెక్కలో గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి తంతుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు అదే గాలి ముడుచుకుని రెజిన్‌ని లోపలికి లాక్కుంటుంది. మే నెల వేడికి ఎపాక్సీ గిన్నెలోనే ఉడికి గడ్డకడుతుంది కాబట్టి స్లో హార్డెనర్ (ఎపాక్సీని నెమ్మదిగా గట్టిపరిచే రెండో భాగం) తీసుకుని, చిన్న కప్పుల్లో కొద్దికొద్దిగా కలపండి.

మామూలు పాలిస్టర్ రెజిన్ చవక, బోటు కట్టింది దాంతోనే కదా, దాన్నే వాడొచ్చుగా అంటారు. కొత్తగా కట్టేటప్పుడు అది బాగానే పనిచేస్తుంది. పాత ఫైబర్‌కీ చెక్కకీ దాని పట్టు తక్కువ, రిపేరుకి ఎపాక్సీయే మేలు. ఎపాక్సీతో వేసేటప్పుడు మామూలు మ్యాట్ (నేయకుండా పోగులు అతికించిన ఫైబర్ షీటు) వద్దు, అందులో పోగుల్ని అతికించే జిగురు పాలిస్టర్ రెజిన్‌లోనే కరుగుతుంది. నేత బట్ట వాడండి. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన రంగు తప్పనిసరి. మీరు వేయాలనుకున్న ఆ రంగు వేయాల్సింది ఇక్కడ, అన్నీ అయ్యాక.

ఎక్కడైనా పాలిస్టర్ వాడాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. షాపులో రెజిన్‌తో పాటు దాన్ని గట్టిపరచడానికి ఊదారంగు యాక్సిలరేటర్ ఒక సీసా, నీళ్లలా ఉండే క్యాటలిస్ట్ ఒక సీసా విడిగా ఇస్తారు. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ముందు యాక్సిలరేటర్ రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్. రెండు సీసాలూ ఒకే సంచిలో ఉంచొద్దు, ఒకే కొలతగ్లాసు వాడొద్దు. కళ్లని పూర్తిగా మూసే రక్షణ అద్దాలు లేకుండా క్యాటలిస్ట్ ముట్టుకోవద్దు, కంట్లో పడితే చూపు పోతుంది.

పై అంచు మర్చిపోకండి. బ్రాకెట్ కొక్కేలు కూర్చునే ఆ అంచు ఏళ్ల తరబడి రాపిడికి అరిగి చెక్క బయటపడుతుంది. ఇంజిన్ కాలు పొడవుకి ట్రాన్సమ్ ఎత్తు సరిపోవాలి: షార్ట్ షాఫ్ట్‌కి 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్‌కి 20. మధ్యలో ఎప్పుడో ఇంజిన్ మార్చినప్పుడు అంచుని రంపంతో కోసి ఎత్తు తగ్గించి, కోసినచోట రంగు పూసి వదిలేసిన బోట్లు నేను చాలా చూశాను. మీ దాంట్లో కోత ఉందేమో నాన్నగారిని అడగండి. ఉంటే ఆ అంచుని గీకి, ఎపాక్సీ పట్టించి, మూడు పొరల బట్ట రెండు వైపులా మడిచి వేయాల్సిందే.

తిరిగి బిగించేటప్పుడు సిలికాన్ వద్దు. అది ఒకసారి పూసిన చోట తర్వాత ఇంకేదీ అతుక్కోదు. మెరైన్ గ్రేడ్ పాలీయురెథేన్ సీలెంట్ వాడండి, మళ్లీ ఊడదీయగలిగే రకం. బోల్టులు ఎస్‌ఎస్ 316, అంటే ఉప్పుకి బాగా తట్టుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీల్. 304 మన ఉప్పుగాలికి తుప్పు చుక్కలు పెడుతుంది. లోపలి వైపు చిన్న వాషర్ కాకుండా అరచేయంత పలక పెడితే బరువు పరుచుకుంటుంది. సీలెంట్ బయటి వైపు, బోల్టు తల కింద బాగా పూసి, చుట్టూ కొద్దిగా పిండినట్టు బయటికి వచ్చేదాకా బిగించి ఆపండి. సీలెంట్ గట్టిపడ్డాక తలని కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే అర చుట్టు తిప్పండి. మొదటే బలమంతా పెట్టి బిగిస్తే సీలెంట్ అంతా బయటికి పోయి ఇనుమూ ఫైబరూ మిగులుతాయి. ఇంజిన్‌ని ట్రాన్సమ్‌కి బిగించే చేతి స్క్రూల కింద కూడా ఒక పలక ఉండాలి, లేదంటే అవి లోపలి పొరని కొరికేస్తాయి. రెండు మూడేళ్లకొకసారి ఒక బోల్టు ఊడదీసి నడుము చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలి తగలని తడిలో లోపల్లోపల తినేసుకుపోతుంది, తల మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

ఒకవేళ పొట్టు నల్లగా వస్తే? అరచేయంత మేర వరకైతే లోపలి పొర కోసి, కుళ్లింది తీసి, ఆరబెట్టి అతుకు వేయొచ్చు. అంతకు మించితే లోపలి పొర మొత్తం తీసి ప్లైవుడ్ మార్చాల్సిందే. కన్నాలు పెట్టి ఎపాక్సీ సిరంజితో ఎక్కిస్తే గట్టిపడుతుందని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. తడిసిన కుళ్లులోకి రెజిన్ పాకదు, కన్నం చుట్టూ నాలుగు గడ్డలు కట్టి ఆగుతుంది, వాటి మధ్య కుళ్లు అలాగే సాగుతుంది. కొత్త ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైయే తీసుకోండి. ఆ ముద్ర పొరల జిగురు నీళ్లకి ఊడదని చెబుతుంది. చెక్క ఎప్పటికీ కుళ్లదని మాత్రం కాదు, అందుకే అంచులన్నీ ఎపాక్సీతో మూసే లోపలికి వెళ్లాలి. ఆ పని అనుభవం ఉన్నవాళ్ల చేతే చేయించండి.

మీది 2009 బోటు అన్నారు. 2004 డిసెంబరు సునామీ తర్వాత కొన్నేళ్లపాటు మన తీరంలో ఫైబర్ బోట్లు చాలా తొందర తొందరగా కట్టారు. బాగా కట్టినవీ ఉన్నాయి, రెండు పొరల మ్యాట్‌తో సరిపెట్టినవీ ఉన్నాయి. డ్రిల్లు పెట్టినప్పుడు లోపలి పొర మందం కూడా కొలవండి, 15 పెట్టాలా వద్దా అనేది సగం దాని మీదే ఉంటుంది.

ఇంజిన్ మార్పు విషయం. చాలా కంపెనీల్లో 9.9, 15 ఒకే బ్లాకు మీద వస్తాయి, బరువులో పెద్ద తేడా ఉండదు. తోపుడులో ఉంటుంది. ప్రొపెల్లర్ ముందుకి తోస్తుంటే బ్రాకెట్ అడుగు ట్రాన్సమ్‌ని నొక్కుతుంది, పై భాగం వెనక్కి లాగుతుంది. గడ్డపారతో రాయి పెకలించినట్టే. పైగా రేవు నుంచి వెళ్లే బోటు కన్నా ఒడ్డు నుంచి వెళ్లే బోటుకి కష్టం ఎక్కువ. కెరటం మీద నుంచి దబ్బున పడిన ప్రతిసారీ, తిరిగొచ్చేటప్పుడు రెక్క ఇసుకని తాకిన ప్రతిసారీ ఆ దెబ్బంతా ట్రాన్సమే కాస్తుంది. ఇంజిన్ ఎప్పుడు పైకి లేపాలో తెలిసిన మనిషి అమరం (బోటు వెనక భాగం) దగ్గర ఉంటే ట్రాన్సమ్ ఆయుష్షు రెట్టింపవుతుంది. కుర్రాళ్లకి నాన్నగారి చేత ఆ ఒక్కటి నేర్పించండి.

ఇక రోజువారీ. వేట నుంచి రాగానే బిరడా తీసి నీళ్లన్నీ పోనివ్వండి, ముందు భాగం ఎత్తులో ఉండాలి. టార్పాలిన్ బిగించి కప్పితే లోపల ఆవిరి పట్టి వానకన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది. మన పెద్దవాళ్లు తాటాకులు కప్పేవారు, నీళ్లు ఆగేవి, గాలి ఆడేది. టార్పాలినే వేస్తే కింద కర్రలు పెట్టి రెండు చివరలా తెరిచి ఉంచండి. నాలుగైదు రోజులు వేట లేదంటే ఇంజిన్ దించేయండి. దించలేకపోతే నిలువుగా కిందికే ఉంచండి, పైకి లేపి వదిలేస్తే ఊరికే ఉన్నప్పుడు కూడా ట్రాన్సమ్ మీద లాగుడు ఆగదు. ఇంజిన్‌కి కట్టే సేఫ్టీ తాడు ట్రాన్సమ్‌కి కాకుండా లోపల గట్టి అడ్డ దూలానికి కట్టండి. ట్రాన్సమే ఊడితే దానికి కట్టిన తాడు దేనికి పనికొస్తుంది?

ఇప్పటికి 15 ఇంజిన్‌కి బయానా ఇవ్వకండి. ముందు ఆ నీళ్ల గొట్టం తీయండి, మూడు కన్నాలు పెట్టండి. మూడు పొట్టుల్నీ పక్కపక్కన కాగితం మీద పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీసి, లోపలి పొర మందం ఎన్ని మిల్లీమీటర్లో రాసి పంపండి. ఎంతవరకు కోయాలో, కోయాల్సిన పనే లేదో, అది చూసి చెబుతాను.